గయానా దేశము - అచ్చటి మనవారు

బీదరు పట్టణమున సాయంకాలము ఆరున్నర గంటలకు మన యిండ్లలో దీపము వెలిగించు వేళకు, భూగోళమున కావలివైపున నున్న యొక చిన్న దేశములో ఉదయము తొమ్మిది గంటలగును. ఆ దేశము పేరు గయానా. దక్షిణ అమెరికా ఖండమున ఈశాన్యభాగమున, అట్లాంటిక్ మహాసముద్రపు టొడ్డున అది యున్నది. అచ్చట బెర్బీస్ ప్రాంతపు గ్రామములలో వేపమండలు కట్టిన చిన్నగుళ్లు కొన్ని కలవు. పండుగనాడు ఆ గుళ్లలో తప్పెట మ్రోగుచుండగా, పూలతో నలంకరించిన కలశమును తలపై నెత్తుకొని భక్తులు మారెమ్మకు మ్రొక్కుచుందురు. ఆ వాద్యమును వారు నేటికిని 'తప్పు' అనియే పిలుచుచున్నారు. ఆ గుళ్లను నెలకొల్పినవారు చెన్నపట్టణపు రేవున ఓడ యెక్కిపోయిన తమిళులును తెలుగువారును. తప్పెట నిలిచినది, వేపమండ నిలిచినది, మారెమ్మ నిలిచినది. తెలుగు మాత్రము నిలువలేదు.

బీదరున వెలువడు తెలుగు సంచికలో ఇంత దూరదేశమును గూర్చి వ్రాయనేల యని పాఠకమహాశయులు ప్రశ్నింపవచ్చును. దేశాంతరముల వృత్తాంతము తెలిసికొనుట ఎల్లరకును మేలే యనునది ఒక సమాధానము. దానికంటె దగ్గఱి కారణ మింకొకటి కలదు. స్వభాషీయులు కొలదిమందియై, చుట్టును ఇతర భాషలు నిండియున్న చోట తల్లిభాష యెన్ని తరములు నిలుచును? ఈ ప్రశ్న మనకును కలదు, గయానాకు పోయిన మనవారికిని కలిగినది. వారి చరిత్ర ఆ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పియున్నది. కనుక ముందుగా దేశమును పరిచయము చేసి, తరువాత మనవారి కథను చెప్పుదుము.

దేశస్వరూపము

గయానా వైశాల్యము సుమారు 2,15,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన కర్ణాటక రాష్ట్రముకంటెను పెద్దది. జనసంఖ్య మాత్రము 2012 జనాభా లెక్కల ప్రకారము 7,46,955. మన బీదరు జిల్లా యొక్కదానిలోనే 2011 లెక్కలలో పదునేడు లక్షలమంది తేలిరి. దీనినిబట్టి ఆ దేశ మెంత విశాలమో, జను లెంత పలుచనో ఊహించుకొనవచ్చును. ఉత్తరమున సముద్రము, తూర్పున సురినాము, దక్షిణమున బ్రెజిల్, పడమట వెనిజులా దానికి ఎల్లలు. దక్షిణ అమెరికాలోని స్వతంత్రదేశములలో ఆంగ్లము అధికారభాషగా గలది ఇదియొక్కటియే. రాజధాని జార్జిటౌను.

గయానా యను పేరునకు ఆదిమవాసుల భాషలో 'అనేక జలముల భూమి' అని యర్థము చెప్పుదురు. ఆ పేరు సార్థకమైనది. ఎస్సెక్విబో, డెమెరారా, బెర్బీస్, కొరంటైన్ అను నాలుగు పెద్దనదులు దక్షిణపు కొండలనుండి యుత్తరముగా ప్రవహించి సముద్రమున కలియును. వీనిలో పెద్దది ఎస్సెక్విబో. దాని పొడవు సుమారు వేయి కిలోమీటర్లు. సముద్రతీరమున సంవత్సరమునకు రెండు వానకాలములు. దేశములో నధికభాగము దట్టమైన యడవి. దక్షిణమున రుపునూని యను పచ్చికమైదానములు. పడమటి యెల్లపై బల్లవలె చదునైన శిఖరము గల రొరైమా పర్వతము. పొటారో నదిపై కైటూర్ జలపాతము 226 మీటర్ల యెత్తునుండి యొకే దూకుగా క్రిందికి పడును. మన జోగు జలపాతము 253 మీటర్లు గలది. కాని వేసవిలో జోగు సన్నగిల్లును. కైటూర్ వద్ద వెడల్పగు నది మొత్తము ఒక్కుమ్మడిగా దూకుటచే అది లోకమున ప్రసిద్ధి కెక్కినది. మనిషి చేతులు చాచినంతకంటె వెడల్పైన ఆకులు గల విక్టోరియా కలువ ఆ దేశపు జాతీయపుష్పము.

ఇంత విశాలదేశమైనను జనులలో నూటికి తొంబదిమంది వఱకు సముద్రతీరపు సన్నని పట్టీమీదనే నివసింతురు. ఆ పట్టీ యొక విచిత్రము. సముద్రము పోటెత్తినప్పుడు నీటిమట్టముకంటె నేల పల్లముగా నుండును. మన బీదరు ఎఱ్ఱరాతి పీఠభూమిపై సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైగా నున్నది. మనవారికి నీరు దొరకుటయే కష్టము. అందువలననే మన పూర్వులు నౌబాదు వద్ద రాతిని తొలిచి భూగర్భమున కాలువలు నడిపిరి. గయానా తీరమున కష్టము దీనికి తలక్రిందులు. నీటిని వెడలగొట్టుటయే అక్కడి పని. తొలుత వలసవచ్చిన డచ్చివారు తమ దేశపు పద్ధతిని సముద్రమునకు గట్లు వేయించి, కాలువలు త్రవ్వించి, కాలువల మొదట తూములు కట్టించిరి. ఆ తూమును అచ్చట 'కోకర్' అందురు. పోటువేళ తలుపు దించి సముద్రమును ఆపుదురు. ఆటువేళ తలుపెత్తి వాననీటిని సముద్రములోనికి వదలుదురు. ఒక్క దినము ఏమఱినను పొలము మునుగును.

ఈ కాలువలను త్రవ్విన చేతులు ఎవరివి? 1948 నాటి వెన్ విచారణసంఘము ఒక లెక్క వేసినది. ఒక చదరపు మైలు చెఱకుతోటకు 49 మైళ్ల మురుగుకాలువలును, 16 మైళ్ల మెరకకాలువలును కావలసివచ్చినవనియు, వీనిని తొలుత త్రవ్వుటకు పదికోట్ల టన్నులకు తక్కువగాని మట్టిని తరలింపవలసివచ్చినదనియు ఆ లెక్క. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ ఈ లెక్కను తన గ్రంథమున ఉదాహరించి, ఆ మట్టిని మోసినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలని గుర్తుచేసినాడు. ఆ దేశపు నేలయే మనుష్యుల చెమటతో తయారైన నేల.

పూర్వచరిత్ర

ఆ దేశమునకు తొలివారు ఆదిమవాసులు. అరవాకులు, కరీబులు, వరావులు, మకూషులు, వాపిషానులు మొదలగు తొమ్మిది తెగలవారు నేటికిని కలరు. 1595లో ఆంగ్లేయుడైన వాల్టర్ రాలీ యనునాతడు బంగారునగరమును వెదకుచు ఆ ప్రాంతమునకు వచ్చెను. బంగారునగరము దొరకలేదు గాని ఆ కథ యూరపు జనులను చాలకాలము ఊరించినది. తరువాత డచ్చివారు వచ్చి ఎస్సెక్విబో, బెర్బీస్, డెమెరారా యను మూడు వలసలను స్థాపించిరి. 1814లో ఇవి ఆంగ్లేయుల వశమైనవి. 1831లో మూటిని కలిపి బ్రిటిష్ గయానా యని పేరిడిరి.

చెఱకుతోటలకు పనివారు కావలెను. అందులకై లెక్కకు మిక్కిలిగా ఆఫ్రికావారిని బంధించి తెచ్చిరి. వారు మాటుమాటికి తిరుగబడిరి. 1763లో బెర్బీస్‌లో కఫీ యనువాని నాయకత్వమున జరిగిన తిరుగుబాటు దాదా పొక యేడాది సాగినది. కఫీ నేడు ఆ దేశపు జాతీయవీరుడు. 1823లో డెమెరారాలో మఱియొక తిరుగుబాటు జరిగినది. బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన చట్టము 1834 ఆగస్టు 1వ తేదీనుండి అమలునకు వచ్చినను, నాలుగేండ్లపాటు 'శిష్యరికము' అను మిషతో వెట్టి సాగినది. 1838 ఆగస్టు 1న సంపూర్ణవిమోచనము కలిగినది. విముక్తులైనవారు కూడబెట్టిన డబ్బుతో తోటలు కొని గ్రామములు కట్టుకొనిరి. 1839లో ఎనుబదిముగ్గురు కలిసి నార్త్‌బ్రూక్ అను తోటను కొని, దానికి విక్టోరియా యని పేరు పెట్టిరి. తక్కువ కూలికి మరల తోటలలో పనిచేయుటకు వా రిచ్చగింపలేదు. అప్పుడు తోటల యజమానుల చూపు మన దేశముపై పడినది.

ఓడ యెక్కిన మనవారు

జాన్ గ్లాడ్‌స్టన్ అను నాతడు గయానాలో తోటలు గల ధనికుడు. తరువాత ఇంగ్లండునకు ప్రధానమంత్రియైన విలియం గ్లాడ్‌స్టన్‌కు తండ్రి. 1836 జనవరిలో ఆతడు కలకత్తాలోని గిలాండర్స్ ఆర్బత్‌నాట్ అను వర్తకసంఘమునకు కూలీలను పంపుమని లేఖ వ్రాసెను. దాని ఫలితముగా 1838 జనవరిలో విట్‌బీ, హెస్పరస్ అను రెండు ఓడలు కలకత్తానుండి బయలుదేరెను. విట్‌బీలో 249 మంది, హెస్పరస్‌లో 165 మంది యెక్కిరి. మే 5వ తేదీన ఆ రెండును గయానా చేరునప్పటికి 396 మంది మిగిలిరి. ఆ మే 5వ తేదీని నేటికిని గయానాలో భారతీయుల ఆగమనదినముగా పాటించుచున్నారు.

తొలివారి కష్టములు ఇంగ్లండున బయటపడి అలజడి కలుగుటచే ఈ వలస కొంతకాలము ఆపబడినది. 1845లో మరల ఆరంభమైనప్పుడు కలకత్తాతోపాటు చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు బయలుదేరినవి. ఆనాడు తమిళసీమతోపాటు ఉత్తరసర్కారులు, నెల్లూరు, దత్తమండలములు అన్నియును మదరాసు రాజధానిలోనివే. గుంటూరు సీమలో 1832-33 నందన నామ సంవత్సరపు కరవున ఊళ్లకు ఊళ్లు పాడుపడిన సంగతి పెద్దలవలన విన్నదే. అటుపై మిల్లుబట్టలు వచ్చి నేతగాండ్ర మగ్గములు మూలబడినవి, రైతులు అప్పులపాలైరి. ఇట్టి దినములలో కడుపునిండ కూడు, చేతికి జీతము దొరకునని చెప్పిన వాని మాటను నమ్మి ఓడ యెక్కుట వింతగాదు. ఎక్కడికి పోవుచున్నారో, ఎన్నాళ్ల ప్రయాణమో చాలమందికి తెలియదు.

రేవులోని డిపోలో వైద్యుడు పరీక్షించును. గుమాస్తా పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, కులము కాగితమున వ్రాయును. ఐదేండ్లు పనిచేయుటకు ఒప్పందము. తరువాతి కాలపు నియమముల ప్రకారము పదియేండ్లు ఆ దేశమున నున్నగాని తిరుగుప్రయాణమునకు సాయము దొరకదు. ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి పోవు ఆ ప్రయాణమునకు మూడుమాసములకు పైగా పట్టెడిది. దారిలో మరణించినవారిని సముద్రములోనే విడిచిపెట్టిరి.

1838నుండి 1917వఱకు గయానాకు పోయిన భారతీయుల సంఖ్య సుమారు 2,39,000. వీరిలో అత్యధికులు కలకత్తానుండి పోయిన భోజ్‌పురి, అవధి ప్రాంతములవారు. చెన్నపట్టణమునుండి పోయినవారు పదునైదు వేల ప్రాంతము. వారిలోను అధికులు 1862కు లోపలనే పోయినవారు. ఈ రెండు సంఖ్యలను, ఈ తేదీని పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. భాష పోయిన కథకు ఇవియే మూలము.

తోటలలో బ్రదుకు

బానిసలు విడిచిపోయిన పొడవాటి కొట్టములనే వీరికి నివాసముగా ఇచ్చిరి. వానిని 'లోజీలు' అనెడివారు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము. కలుపు తీయుట, కాలువలు త్రవ్వుట, చెఱకు నఱకుట, చక్కెరమిల్లులో బాయిలరు వద్ద నుండుట వీరి పనులు. అనుమతిచీటి లేక తోట విడిచి పోరాదు. పనికి రాకున్నను, పని సరిగా లేదన్నను జరిమానా, జైలు. కూలిపని ఒప్పందమును తప్పుట సివిలు దోషముగాక నేరముగా నెంచబడెడిది. వలస వ్యవహారముల యధికారిగా చాలకాలము పనిచేసిన జేమ్స్ క్రాస్‌బీ యను నాతడు కొంతవఱకు కూలీల మొఱలు విని న్యాయము చేయజూచెను. ఆతడు పోయిన తరువాతను ఆ కార్యాలయమును మనవారు 'క్రాస్‌బీ' యనియే పిలుచుకొనిరి. ఒక మంచివాని పేరు ప్రజ లెంతకాలము నిలుపుకొందురో దీనివలన తెలియుచున్నది.

ఓర్పు హద్దు మీరినప్పుడు వారును ఎదురు తిరిగిరి. 1872లో డెవన్‌షైర్ కాజిల్ తోటవద్ద పోలీసుల కాల్పులలో ఐదుగురు మరణించిరి. 1913లో రోజ్‌హాల్ తోటవద్ద పదునైదుగురు మరణించిరి. స్వదేశమున గోఖలే, గాంధీ, ఆండ్రూస్ మొదలగువారు ఈ కూలివలసను ఖండించి ఉద్యమించుటచే 1917లో ఓడలు నిలిచిపోయినవి. 1920 ఏప్రిలులో మిగిలిన ఒప్పందములును రద్దయినవి.

పోయినవారిలో సుమారు మూడింట ఒకవంతు స్వదేశమునకు తిరిగివచ్చిరి. మిగిలినవారు అచ్చటనే నిలిచిరి. తిరుగుప్రయాణపు హక్కును వదలుకొని దానికి బదులు భూమిని పుచ్చుకొన్నవారును కలరు. వారు ఆ పల్లపునేలలో వరి నాటిరి. చక్కెర యజమానులది; బియ్యము మాత్రము మనవారి సొంతము. అట్లు మొదలైన వరిసేద్యము నేడు ఆ దేశపు ముఖ్యమైన ఎగుమతులలో నొకటియైనది.

జనులు, ఆచారములు

గయానావారు తమ దేశమును ఆఱుజాతుల భూమి యందురు. ఆదిమవాసులు, ఆఫ్రికావారు, భారతీయులు, 1835నుండి మదీరా దీవినుండి వచ్చిన పోర్చుగీసులు, 1853నుండి వచ్చిన చీనావారు, ఇతర యూరపువారు కలిసి ఆఱు. 2012 లెక్కల ప్రకారము భారతసంతతివారు నూటికి నలువది, ఆఫ్రికాసంతతివారు ఇరువదితొమ్మిది, మిశ్రజాతులవారు ఇరువది, ఆదిమవాసులు పదిన్నర వంతున కలరు. ఎల్లరును ఇంటను వీధిని మాటాడునది ఆంగ్లమునుండి పుట్టిన క్రియోలు మాండలికము. ఫగువా యను పేరుతో హోలీయు, దీపావళియు, ఈదులును, క్రిస్మసును అచ్చట సెలవుదినములు. ఫిబ్రవరి 23న మష్రమాని యను జాతీయోత్సవము. 1970లో ఆ దినముననే గయానా గణరాజ్యమైనది.

వారి వంటలను జూచిన ఆ దేశపు చరిత్ర యంతయు విస్తరిలో కనబడును. ఆదిమవాసుల పెప్పర్‌పాట్ అను మాంసపుపులుసు క్రిస్మసునాటి వంట. ఆఫ్రికావారి కుక్అప్ అనునది బియ్యము, పప్పు, కొబ్బరిపాలు కలిపిన అన్నము. మన పప్పుపూరీ అక్కడ ఎల్లజాతులవారి యాహారమైనది. హిందువుల యింట శుభకార్యమైనప్పుడు ఏడుకూరలు వండి కలువాకులో వడ్డింతురు. అరటాకు, మోదుగవిస్తరి స్థానమును కలువాకు ఆక్రమించినది గాని, ఆకులో తినవలెనను సంప్రదాయము పోలేదు.

రాజకీయములలోను భారతసంతతివారు ముందడుగు వేసిరి. బెర్బీస్‌లోని పోర్ట్ మొరాంట్ తోటలో కూలీల యింట 1918లో పుట్టిన చెద్ది జగన్ దంతవైద్యుడై, ప్రజానాయకుడయ్యెను. వయోజనులందఱికి ఓటు వచ్చిన 1953 ఎన్నికలలో ఆతని పక్షము 24 స్థానములకు 18 గెలిచినను, 133 దినములకే బ్రిటిష్ ప్రభుత్వము ఆ రాజ్యాంగమును రద్దుచేసినది. తరువాత భారతీయులకును ఆఫ్రికావారికిని మధ్య వైషమ్యములు పెరిగి, 1963-64లో రక్తపాతమునకు దారితీసినవి. ఒకరి కూలిని తగ్గించుటకై మఱియొకరిని తెచ్చిన నాడే ఆ వైషమ్యమునకు విత్తనము పడినదని మఱువరాదు. 1966 మే 26న స్వాతంత్ర్యము వచ్చినది. 1992లో జగన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 2015లో సముద్రగర్భమున చమురు బయటపడి, 2019 డిసెంబరునుండి తోడుచుండుటచే ఆ పేదదేశము నేడు వేగముగా ధనికమగుచున్నది. ఎస్సెక్విబో ప్రాంతము తమదని వెనిజులా పెట్టిన తగవు అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయినది.

క్రికెట్టుపై మక్కువ గలవారికి ఆ దేశము క్రొత్తది కాదు. 1958 డిసెంబరు 31న ఆరంభమైన కలకత్తా టెస్టులో 256 పరుగులు చేసిన రోహన్ కన్హాయి, ఆల్విన్ కాళీచరణ్, ఇద్దఱును ఆ పోర్ట్ మొరాంట్ వారే. క్లైవ్ లాయిడ్, శివనారాయణ్ చందర్‌పాల్ గయానా బిడ్డలే. వీరసామి పెరుమాళ్ అను బౌలరు వెస్టిండీస్ పక్షమున టెస్టు లాడెను. 2015నుండి 2020వఱకు మోజెస్ నాగముత్తు ప్రధానమంత్రిగా నుండెను. ఈ రెండు పేర్లును దక్షిణదేశమునుండి ఓడ యెక్కినవి. నాయుడు అను ఇంటిపేరును అచ్చట కలదు. పేరున్నది, పేరు పలికిన భాష లేదు.

భాష యెట్లు పోయినది

ఇది యొకనాటిలో జరుగలేదు. ఎవరును కావలెనని చేయలేదు. కారణములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది సంఖ్య. పదునైదు వేలలో తమిళులు, తెలుగువారు కలిసియున్నారు. ఆ కొలదిమందియు అనేక తోటలకు చెదరగొట్టబడిరి. ఒక తోటలో నాలుగు తెలుగు కుటుంబము లున్న, ప్రక్కతోట తెలుగువారిని చూచుటకు అనుమతిచీటి కావలెను. రెండవది, వలస త్వరగా ఆగిపోవుట. ఊరినుండి క్రొత్తవారు వచ్చుచున్నంతకాలము మాటలు, పాటలు, వార్తలు వచ్చుచుండును. 1862 తరువాత చెన్నపట్టణపు ఓడలు తగ్గిపోవుటచే ఆ యూట యెండినది. కలకత్తా ఓడలు మాత్రము ఇంకను అరువదేండ్లకు దగ్గఱగా వచ్చుచునే యుండెను. అందుచే తోటలలో భోజ్‌పురియే భారతీయుల ఉమ్మడిభాష యయ్యెను. మనవారు ముందు దానిని నేర్చిరి. తరువాత అదియు క్రియోలులో కలిసిపోయినది. మూడవది పేరు. తోటల యజమానులకును, ఉత్తరాదివారికిని తమిళుడు, తెలుగువాడు అను భేదము తెలియదు. ఎల్లరును 'మద్రాసీ'లే. ఇతరులు పెట్టిన పేరును కొన్ని తరములకు మనవారును తమదిగా చెప్పుకొనిరి. తమ భాషకు పేరే లేనివారు దానిని కాపాడుకొను టెట్లు? నాలుగవది బడి. పాదిరీల బడులలో ఆంగ్లము నేర్పిరి. ఆలయముల వద్ద కొంత హిందీ నేర్పిరి. తెలుగు అక్షరము దిద్దించు పలక ఒక్కటియు లేకపోయినది.

మిగిలినది మొదట చెప్పిన మారెమ్మగుడి. దానిని వారు కాళీమాయి గుడి యందురు. మారెమ్మ, మధురవీరుడు, మునీశ్వరుడు, గంగమ్మ అచ్చట పూజ లందుచున్నారు. తలపై నెత్తుకొను కలశమును 'కరగము' అందురు. మన గోదావరి జిల్లాల గరగయు అదియే. పూజారులు పెద్దలనుండి విని నేర్చిన తమిళపు పాటలను పాడుదురు. వాని యర్థము తెలిసినవారు కొద్దిమంది. ఉత్తరాది సంప్రదాయపు హిందువులు ఈ పూజను చాలకాలము చిన్నచూపు చూచిరి. ఐనను అది చావలేదు; గయానావారు వలసపోయిన న్యూయార్కు నగరమునకును వారి వెంట పోయినది. దీనివలన మన కొక సంగతి తెలియుచున్నది. ఏది పదిమంది కలిసి చేయుదురో అది నిలుచును. ఏది ఎవరికివారు ఇంటిలో ఉంచుకొందురో అది క్రమముగా నారిపోవును.

ఇతర దేశముల తెలుగువారు

కూలివలస పోయిన చోట్లనెల్ల తెలుగు ఇట్లే పోయినదా? లేదు. మారిషస్ దీవిని చూడుడు. అచ్చటికి పోయిన తెలుగువారిని కోరంగి రేవు పేరుమీదుగా కోరంగివా రనెడివారు. వారు సంఘముగా నేర్పడి, గుళ్లలో రామభజనలు నిలుపుకొని, ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ప్రభుత్వపు బడులలో నేడు తెలుగు పాఠ్యభాష. ఉగాది అచ్చట దేశమంతటికిని సెలవుదినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగినవి. దక్షిణాఫ్రికాకు 1860 నవంబరు 16న ట్రూరో ఓడ చెన్నపట్టణమునుండి తొలి కూలీలను చేర్చినది. అచ్చటి తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించిరి. ఫిజీ దీవులకు 1903నుండి దక్షిణాదివారు పోయిరి. 1941లో అచ్చట ఆంధ్రసంఘము వెలసినది. ఆ చోట్లను ఇంటిభాషగా తెలుగు తగ్గిపోయినదే. కాని 'మేము తెలుగువారము' అను మాట నిలిచినది. గయానాలో ఆ మాట నిలుపుటకు సంఘము లేకపోయినది.

మన సంగతి

ఇక మనయూరికి వచ్చెదము. బీదరులోని తెలుగువారు ఓడ యెక్కి వచ్చినవారు కారు. కాకతీయ రుద్రమదేవి కాలపు శాసనము బీదరు కోటలో దొరికినది. బహమనీ సుల్తానులు గుల్బర్గానుండి రాజధానిని ఇచ్చటికి తెచ్చిన పిదపను, మహమూద్ గవాన్ 1472లో మదరసాను నిర్మించిన కాలమునను, నిజాముల కాలమునను ఇది పలుభాషల కూడలి. మన ముంగిళ్లలో కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగును వినబడెడివి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినప్పుడు బీదరు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు మెదకు జిల్లాలో చేరినవి. మరాఠీ తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. ఆనాడు మన యిండ్లు కదలలేదు, ఎల్లలు కదలినవి. నిన్నటివఱకు ఒకే జిల్లావారమైన మనము తెల్లవారునప్పటికి అల్పసంఖ్యాకుల మైతిమి.

గయానాలోని మనవారికి లేని సౌకర్యములు మనకు చాల కలవు. తెలుగునేల మనకు మూడునెలల ఓడప్రయాణము కాదు. బస్సు నెక్కిన గంటలోపల జహీరాబాదు చేరుదుము. పిల్ల నిచ్చుట, పిల్లను తెచ్చుకొనుట ఆగలేదు. రాజ్యాంగపు 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకుల భాషకు రక్షణ కల్పించినవి. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. అయినను మన యిండ్లలోని పిల్లలను పరీక్షించి చూచుకొందము. బడిలో కన్నడమును ఆంగ్లమును, బజారులో ఉర్దూను చక్కగా మాటాడుదురు. అమ్మమ్మతో తెలుగు మాటాడుదురు. కాని అమ్మమ్మకు తెలుగులో నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయగలవా రెందఱు? పెండ్లిపత్రికను అచ్చువేయించునప్పుడు అక్షరదోషములు దిద్దగల పెద్దలు ఒక్కొక్క వాడలో ఒకరిద్దఱైనారు. మాట యున్నది, అక్షరము జాఱుచున్నది. గయానాలో ముందు పోయినది అక్షరమే.

కన్నడమును ప్రేమింపవలదని మే మనుట లేదు. అన్నము పెట్టిన నేల భాషను నేర్చుట మన ధర్మము. కన్నడ తెలుగు లిపులు ఒక తల్లి బిడ్డలు. ఒక లిపి వచ్చిన పిల్లవానికి రెండవది నేర్చుటకు వేసవిసెలవులు చాలును. బిద్రీ పనివాడు నల్లని లోహమున వెండితీగను పొదుగును. లోహము వెండి కాలేదు, వెండి లోహములో కరగలేదు. రెండును కలిసియే ఆ పాత్రకు అందము. ఈ యూరున మన తెలుగు అట్లుండవలెను.

కనుక మేము కోరునది పెద్దకార్యము కాదు. ప్రతి యింటను వారమునకు ఒక సాయంకాలము పిల్లలచే తెలుగు చదివింపుడు, వ్రాయింపుడు. మీ తాతముత్తాతల పేర్లు, వారు వచ్చిన ఊరు, వచ్చిన కారణము ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. గయానావారి ముత్తాతల పేర్లు గుమాస్తా వ్రాసిన కాగితములలో మాత్రమే మిగిలినవి. మన పేర్లు మన చేతివ్రాతలో మిగులనిండు. ఉగాదిని, భజనను, హరికథను ఎవరి యింటిలో వారు గాక పదిమంది కలిసి జరుపుకొనుడు.

గయానా తీరమున తూము కాపరి కథను మరల స్మరింతము. పోటు రాకుండ ఆపుట ఆతని వశము కాదు. వేళకు తలుపు దించుట, వేళకు ఎత్తుట మాత్రమే ఆతని పని. ఆ పనిని ఎన్నో తరములు విడువక చేసినందుననే సముద్రముకంటె పల్లమైన ఆ నేలపై వరి పండుచున్నది. మన పనియు అంతే. పాఠకులెల్లరకును, వారి పిల్లలకును, ఆ దూరతీరమున తప్పెట విడువక మ్రోగించుచున్న సోదరులకును శుభమగుగాక.